రెండు బ్రేకుల బండి

"క్లచ్ తొక్కండి. అది కాదు, ఎడమ కాలితో. మీకు ఎడమ కాలు ఒకటేగా ఉంది?" అంది డ్రైవింగ్ మాస్టరమ్మ.

అతను బుద్ధిగా కాలు మార్చాడు. బండి ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది.

నెల నుంచి ఇదే తంతు. ముప్పై దాటిన మనిషి, మర్యాదస్తుడు, నవ్వితే ముచ్చటగా ఉంటాడు. ఏదో కూర్చుని చేసే ఉద్యోగమన్నాడు. స్టీరింగ్ ముట్టుకుంటే మాత్రం వేడి గిన్నె ముట్టుకున్నట్టు ఉలిక్కిపడతాడు. క్లాసులు ఇవాళ్టితో సరి. రేపటి నుంచి ఈ సీట్లో మరెవరో కూర్చుంటారు. ఆ సంగతి తలుచుకుంటేనే ఆమెకు ఏమీ తోచడం లేదు.

పొద్దున కాఫీ దగ్గర అక్క గట్టిగానే చెప్పింది. "నువ్వు మాత్రం బయటపడకు. మగాడన్నాక వెంటపడాలి, మనం కాస్త బెట్టు చెయ్యాలి. మీ బావ నా చుట్టూ ఎంత తిరిగాడో మర్చిపోయావా?"

"తిరిగాడు. ఇప్పుడు టీవీ రిమోట్ కోసం తప్ప కుర్చీలోంచి లేవడు. ఇతనికి చుట్టూ తిరగడం దాకా ఎందుకక్కా, తిన్నగా పోవడమే రాదు. నేను అడగకపోతే ఇద్దరం ఇలాగే ముసలివాళ్లమైపోతాం."

బండి మళ్లీ కదిలాక సందు మలుపులో కుక్క అడ్డొచ్చింది. ఆమె కాలు తన వైపున్న రెండో బ్రేకు మీదికి వెళ్లేలోపే బండి నిలబడిపోయింది. తన పాఠం ఇన్నాళ్లకు వంటబట్టిందని ఆమె మురిసిపోయింది. ఆ ఊపులోనే అనేసింది.

"పక్కకు ఆపండి. నాకు మీరంటే ఇష్టం. ఆదివారం నాతో సినిమాకొస్తారా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "నేనే అడుగుదామని..."

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు నుంచి. ధైర్యం చాల్లేదండీ."

"చాలదని తెలిసే నేను అడిగాను. ఎక్కడికి, ఎన్నింటికి అనేది నేను చెప్తాను. మీరు వస్తే చాలు."

"మీరెలా చెప్తే అలాగే మేడం."

"ఇంకా మేడమేంటి," అని ఆమె నవ్వింది.

ఇంటికి వెళ్తూనే గుమ్మంలోంచే మొదలుపెట్టింది. "అక్కా, నేనే అడిగాను. పాపం, కాదనడం కూడా రానట్టు తలూపాడు. ఇలాంటివాళ్లను చెయ్యి పట్టుకుని నడిపించాలే తప్ప వాళ్లంతట వాళ్లు కదలరు."

"నీ ఇష్టం తల్లీ. జీవితమంతా నువ్వే నడపాలి మరి," అంది అక్క.

"నడుపుతా. నా పనే అది."

మర్నాడు స్కూటర్ మొరాయించడంతో ఆమె సిటీబస్సెక్కింది. లోపల కాలు పెట్టే సందు లేదు. ఇరుకు వీధిలో ఎదురుగా లారీ వచ్చింది. డ్రైవరు ఒంటిచేత్తో అంత పెద్ద బస్సునూ వెనక్కి తీసి, గోడకు జానెడు దూరంలో ఒద్దికగా పెట్టి, లారీకి దారిచ్చాడు. అంతటి పనితనం తన స్కూల్లో ఎవరికీ లేదనుకుంటూ, మనిషెవరో చూద్దామని ఆమె ముందుకు వంగింది.

అతనే.