ఒకటో నంబరు ఇల్లు

“ఒకటో నంబరు నా తలుపు మీదే పడాలి. లేదంటే ఈ రంగు డబ్బా కొండ కిందకి దొర్లుద్ది, చెప్తున్నా!”

ఎర్మెలిందా రెండు చేతులూ నడుముకి పెట్టుకుని కార్పొరల్ టికోనాకి అడ్డంగా నిలబడింది. ఆయన చేతిలోని కుంచె నుంచి ఎర్ర రంగు బూటు మీద కారుతోంది. కింద లీమా నగరం పొగమంచులో మునిగిపోయి కనబడటం లేదు.

“నీ తలుపు మీదే ఎందుకు పడాలంట?” పక్కింటి సతుర్నీనా ఎగేసుకుని వచ్చింది. “నీళ్ళ తొట్టి నా గుమ్మానికే దగ్గర. కావాలంటే అడుగులేసి చూసుకో!”

“అడుగులా? రెండేళ్ళు ఖాళీ డ్రమ్ములు వాయించుకుంటూ పార్లమెంటు చుట్టూ నేనేసిన అడుగులు లెక్కెయ్యి ముందు. తుపాకుల డబ్బు తాగునీళ్ళకివ్వండని గొంతు పోయేదాకా అరిచిందెవరు? నువ్వా? అప్పుడు నీకు మోకాళ్ళ నొప్పులు కదూ!”

చుట్టూ చేరిన ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. సతుర్నీనా మొహం మాడ్చుకుంది.

అరిచినందుకు ఫలితం లేకపోలేదు. సైన్యం ఖర్చులో కోత పెట్టి వాతావరణానికీ మహిళాభ్యుదయానికీ మళ్ళిస్తున్నామని మంత్రిగారు టీవీలో చెప్పారు. డబ్బయితే రాలేదు, సైన్యం లారీ వచ్చింది. అందులో ఫిరంగుల్ని కప్పి దాచే పాత ముసుగు వలలు! పొగమంచు పట్టే వలలు అడిగితే ఇవేం ఖర్మరా బాబూ అని ఆడవాళ్ళు నెత్తి కొట్టుకున్నారు. సరే, వచ్చిందే మహాభాగ్యమనుకుని రెండు మడతలేసి కొండ నెత్తిన గుంజలకి బిగించారు. మంచు వాటికి తగిలి చుక్క చుక్కగా కారింది. వారం తిరిగేసరికి తొట్టి నిండింది. ఆ రోజు ఏడవని ఆడది లేదు.

ఇవాళ నంబర్లు పడుతున్నాయి. ఆ కొండల్లో తలుపు మీద నంబరు పడిందంటే ఇంటికి పైపు వస్తున్నట్టే. అవతలి కొండకి అలాగే వచ్చింది. మొదటి ఇంటికి ధార, చివరి ఇంటికి కన్నీటి బొట్టు. అందుకే ఈ కొట్లాట.

“నన్ను చంపకండమ్మా,” అన్నాడు టికోనా. “పైనుంచి వరసగా వెయ్యమన్నారు. పై ఇల్లు ఎవరిదో మీరే తేల్చుకోండి.”

“పైపులెప్పుడేస్తారో చెప్పారా?”

“రంగిచ్చారు, కుంచె ఇచ్చారు. ఇంకేం చెప్పలేదు.”

ఎర్మెలిందా లోపలికెళ్ళి వేడి వేడి చిలగడదుంపలు రెండు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. టికోనా ఊదుకుంటూ తిన్నాడు. మూతి తుడుచుకున్నాడు. ఆమె తలుపు మీద మూరెడు పొడుగున ‘1’ వేశాడు.

“దుంపలకి అమ్ముడుపోయాడు సచ్చినోడు!” అంది సతుర్నీనా. “ఆ పైపునే కౌగిలించుకుని పడుకో వదినా!”

“పడుకుంటా! నీకెందుకే?”

అంటూ ఎర్మెలిందా భుజం నిమురుకుంది. ముప్పై ఏళ్ళు బకెట్లు మోసి ఆమె కుడి భుజం వంగిపోయింది. ఇక మొయ్యక్కర్లేదు.

అంతలో జీపు దిగి లెఫ్టినెంటు మెట్లెక్కి వచ్చింది. ఆడమనిషి! ఎర్మెలిందా పొంగిపోయింది.

“మా తల్లే! రా కూర్చో. మంచినీళ్ళు తాగు, మా మంచు నీళ్ళే.”

లెఫ్టినెంటు గ్లాసు అందుకుంది గానీ తాగలేదు.

“వలలు బాగా కట్టారమ్మా. కానీ అవి సైన్యం ఆస్తి. సైన్యం ఆస్తి ఉన్నచోట కాపలా పోస్టు ఉండాలని రూలు. కొండ నెత్తిన పోస్టు పెడుతున్నాం. కాపలాకి ఇరవైమంది. ఖర్చంతా మీ పథకంలోంచే మంజూరయింది.”

“అదేంటమ్మా? ఆ డబ్బు వాతావరణానికీ ఆడవాళ్ళకీ కదా?”

“వలల్ని వాతావరణం కింద రాశారు. నన్ను మహిళాభ్యుదయం కింద రాశారు,” అంది లెఫ్టినెంటు. ఆమె మొహంలో నవ్వు లేదు.

ఎర్మెలిందాకి ఒళ్ళు మండింది. రెండేళ్ళ అరుపులు ఇందుకా? నాలుక చివరిదాకా వచ్చిన తిట్టుని దిగమింగింది. ఎవరు తింటే తిన్నారు, నీళ్ళొస్తే చాలు.

“ఏ పేరైనా రాసుకో తల్లీ. పైపు మాత్రం నా ఇంటికే ముందు రావాలి. చూడు, ఒకటో నంబరు.”

లెఫ్టినెంటు తలుపు వంక చూసింది. గ్లాసు మెల్లగా కింద పెట్టింది.

“ఈ నంబర్లు పైపులకి కాదమ్మా. పోస్టుకి అర కిలోమీటరు లోపల ఇళ్ళు ఉండకూడదు. సోమవారం పొద్దున బుల్డోజరు వస్తుంది, వరసగా ఒకటో నంబరు నుంచి.”