వన్నూరప్ప గొంతు

ఇప్పుడు ప్రతి చేలోనూ ఒక కేకల పెట్టె ఉంది. అడవి పందుల అలికిడి వినగానే అది ఆ చేను రైతు గొంతుతోనే అరుస్తుంది. పందులు బెదరడం మానేశాక, మనిషి ఆపదలో పెట్టే కేకలు కూడా నేర్చుకుంది. అయినా పందులు కదలవు. నెమళ్లయితే దానిమీదే కూర్చుని ఈకలు దువ్వుకుంటాయి. అలవాటు కానిది సుంకమ్మకే. మొగుడు వన్నూరప్ప పక్కనే కూర్చుని సంగటి తింటున్నా, అతని గొంతు చేలోంచి "సచ్చిపోతాండా, రండ్రో!" అని ఏడుస్తుంటుంది.

ఆ సాయంత్రం వన్నూరప్ప కంచె చూసొస్తానని మొక్కజొన్న చేలోకి పోయాడు. సుంకమ్మ, ఆమె వదిన తిప్పక్క గట్టున కూర్చుని, పీకిన వేరుశనగ చెట్లకు చెనిక్కాయలు తెంపుతున్నారు. చేలోంచి కేక వచ్చింది.

"సుంకీ! రాయే! నా కాలు పాయెనే!"

సుంకమ్మ చేయి ఆగింది.

"పెట్టేలే," అంది తిప్పక్క. "నిన్న మా చేలోది నా మొగుని గొంతుతో బాయిలో పడితినని అర్సింది. పరిగెత్తిపోయి చూస్తే ఆయప్ప బీడీ తాగుతాండాడు."

"నా పేరు గూడా నేర్చుకునిందా వదినా?"

"వాడు దినామూ నిన్ను తిడతానే ఉంటాడు గదా. నేర్చుకోదా?"

మళ్లీ అదే కేక. సుంకమ్మ ఇంకో చెట్టు చేతిలోకి తీసుకుంది గానీ కాయ తెంపలేదు.

అంతలో మొక్కజొన్న ఒక్కసారిగా ఊగింది. తల్లి పంది, దాని వెనకే పిల్లలు బయటికి దూకి, కాయల కుప్పను తొక్కుకుంటూ ఇద్దరాడవాళ్ల మధ్యనుంచే పారిపోయాయి.

సుంకమ్మ ఒళ్లోని కాయలన్నీ రాలిపోయేలా లేచింది.

"వదినా, పెట్టె అరిస్తే పందులు ఎప్పుడన్నా పరిగెత్తినాయా?"