ఊకెనే ఉరుకుడు

"నా బిడ్డ ఉరుకది సారూ. దాని పేరు కొట్టేయుండ్రి."

ఎల్లక్క పందెం గీత మీద అడ్డంగా నిలబడి ఆ మాట అనేసరికి, బెల్లంపల్లి గ్రౌండులో ఉన్న వాళ్లంతా ఇటే చూశారు. లంగా పైకి దోపుకుని, వట్టి కాళ్లతో గీత మీద వంగి ఉన్న నర్మద సిగ్గుతో చచ్చిపోయింది. బొగ్గు గని కార్మికుల పిల్లలకు ఏటేటా పెట్టే ఆటల పోటీలవి. పరుగులో జిల్లా మొత్తానికి నర్మదే మొదటిది. ఈరోజు గెలిస్తే హైదరాబాదులో జరిగే రాష్ట్ర పోటీలకు పంపిస్తారు. దాని కోసం పిల్ల ఏడాదిగా కళ్లలో వత్తులు వేసుకుని చూస్తోంది.

డ్రిల్లు సారు లక్ష్మీరాజం తొందరపడలేదు. చొక్కా జేబులోంచి పేపరులో కత్తిరించిన బొమ్మ ఒకటి తీశాడు. "చూడు ఎల్లక్కా. ఈమెది హంగేరి అని ఒక దేశం. ఆడమనిషే. దూకుట్ల లోకం మొత్తానికి ఫస్టొచ్చింది. బంగారు బిళ్ల ఇచ్చిండ్రు. నీ బిడ్డ కాళ్లల్ల గూడ గంత బలమున్నది."

ఎల్లక్క ఆ బొమ్మను అటూ ఇటూ తిప్పి తేరిపార చూసింది. "పిల్ల మంచిగున్నది. ఈమెకు అవ్వ లేదా సారూ?"

"ఉండే ఉంటది. ఆమెనే పంపిచ్చిందేమో."

"గట్లయితే ఆ దేశంల బొగ్గు బాయిలు లేవు గావచ్చు."

లక్ష్మీరాజానికి ఆ సంగతి తెలియదు. బొమ్మ మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"మా దగ్గర ఆడోళ్లు ఒక్కనాడే ఉరుకుతరు సారూ," అంది ఎల్లక్క. "యాళ గాని యాళల సైరన్ మోగిననాడు. బాయిల ఎవల పెనిమిటికి ఏమైందో అని ఉరుకుతరు. ఏం లేకుంట ఊకెనే ఉరికితే, సైరన్‌ను పిలిచినట్టే గదా. దీని బాపు ఇయ్యాల మొదటి షిఫ్టుల దిగిండు."

ఇది ఎల్లక్క ఒక్కదాని చాదస్తం కాదు. కార్మికుల ఇళ్ల వరుసల్లో ఏ ఆడమనిషైనా బిందె నిండి పొర్లుతోందని నాలుగడుగులు వడిగా వేస్తే చాలు, ఇంటింటి తలుపులూ తెరుచుకుని "ఏమాయె, ఏమాయె" అంటాయి. అందుకని అక్కడి ఆడవాళ్లు పాలు పొంగినా నడిచే పోతారు.

"అవ్వా, ఈ ఒక్కసారి," నర్మద బతిమాలింది. "గెలుస్తనే."

"గెలిచి ఏం జేస్తవు? నడువ్ ఇంటికి."

ఎల్లక్క చెయ్యి పట్టి లాగింది. నర్మద గీత మీది నుంచి కాలు తీయలేదు. మిగతా పిల్లలు నడుములు నొప్పి పుట్టి నిటారుగా లేచి నిలబడ్డారు.

అప్పుడు సైరన్ మోగింది.

షిఫ్టు మారే వేళ కాదు. బ్యాండు ఆగిపోయింది. కూర్చున్న ఆడవాళ్లు చంకలో పిల్లలతో లేచి, ఒక్కసారిగా గని వైపు పరుగు తీశారు. నర్మద చెయ్యి ఎవరు వదిలారో, ఎప్పుడు వదిలారో ఆమెకు తెలియదు. వెనక్కి చూడలేదు. నేను గీత మీద నిలబడ్డందుకే మోగింది, నేనే పిలిచిన అనుకుంటూ పరిగెత్తింది.

రోడ్డు నిండా మనుషులు. ఏడ్చేవాళ్లు, చెప్పులు జారవిడిచి పోయేవాళ్లు, ఊపిరాడక దారి పక్కన కూలబడ్డ ముసలివాళ్లు. నర్మద అందరినీ దాటింది. సైకిళ్లను కూడా దాటింది. బాపు బతికుంటే చాలు, ఈ జన్మలో మళ్లీ ఉరకను అని, ఏ దేవుడికో తెలియకుండానే మొక్కింది.

గని గేటు దగ్గర గ్రౌండు నుంచి వచ్చినవాళ్లు ఇంకా ఎవరూ కనబడలేదు. లోపల కట్టెల కుప్ప మీద కూర్చుని ఆమె బాపు రాయమల్లు తీరిగ్గా బీడీ కాలుస్తున్నాడు.

"ఏందే బిడ్డా, పందెం ఇడిసిపెట్టి గిట్లొచ్చినవు?"

నర్మద పరుగు ఆపలేదు. వెళ్లి బాపు మీద పడింది. పోయిన ప్రాణం లేచి వచ్చినట్టయి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన చొక్కా బొగ్గంతా ఆమె మొహానికి అంటింది.

"సైరన్..."

"ఏం గాలే, ఏం గాలే. మా బాయికి కొత్త దొర వచ్చిండు గదా, ఆటలు షురువైనయని ఊరంత తెల్వాలె, సైరన్ కొట్టుండ్రి అన్నడట. ఈడున్నోడు కొట్టనే కొట్టె. బాయిల అందరు మంచిగనే ఉన్నరు. నేను బాయి కప్పుకు ఆనిచ్చే కట్టె కోసం పైకొస్తి, గీ లొల్లి జూస్తి."

ఈలోపు జనం వచ్చి పడ్డారు. సంగతి తెలిసిన ఆడవాళ్లు ఉన్నచోటనే చతికిలబడి, కాసేపు ఏడ్చి, కాసేపు నవ్వి, ఆ తర్వాత కొత్త దొరను తిట్టడం మొదలుపెట్టారు. పాపం, ఆయనకు తెలుగు రాకపోవడం మేలైంది.

నర్మద కళ్లు తుడుచుకుంది. ఒళ్లంతా తేలికైంది. పందెం పోయిందన్న బాధ కూడా అంతగా అనిపించలేదు.

"బాపూ, ఇగ నేను పందెం ఉరుకనే. అవ్వ చెప్పిందే నిజం," అంది. "అవ్వ పాపం ఎనుకెక్కడనో పరేషాన్‌తోని నడుచుకుంట వస్తుండొచ్చు. ఎదురువోదాం పా."

రాయమల్లు బీడీ పారేసి పడీపడీ నవ్వాడు.

"మీ అవ్వ ఎనుక నడుచుకుంట వచ్చుడేంది? నీకన్న ముందే రైలు పట్టాల మీదికెంచి చుట్టు తిరిగి వచ్చి, నన్ను జూసి, కడుపునిండ తిట్టి, 'ఇయ్యాల్టి సైరన్ మోగనే మోగె, ఇగ నా బిడ్డ ఎంతన్న ఉరుకనీ' అన్కుంట, నువ్వు పోయెదాక పందెం పెట్టొద్దని సారుకు చెప్పెటందుకు మళ్ల గదే తొవ్వల గ్రౌండుకు ఉరికింది."