బండపూలు

జేసీబీకి ఎదురుగా, బండ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది మునివెంకటమ్మ.

బకెట్ పళ్ళకూ ఆమె మోకాళ్ళకూ మధ్య మూరెడు దూరం కూడా లేదు. ఆమె వీపు వెనక, బండ పగుళ్ళలో, మోకాలెత్తు పొదలు. వాటి నిండా లేత ఊదారంగు పూలు.

యలహంక దాటాక ఇటువైపు మిగిలిన గుట్ట ఇదొక్కటే. తక్కినవన్నీ ఆమె కళ్ళముందే కంకరైపోయాయి. ఆ మొక్కను చూడ్డానికి ఆమధ్య కాలేజీ వాళ్ళు వచ్చారు. చాలా అరుదైనదనీ, ఇలాంటి రాతిగుట్ట మీద తప్ప ఇంకెక్కడా బతకదనీ చెప్పి వెళ్ళారు. పేరేదో చెప్పారు గానీ మునివెంకటమ్మకు నోరు తిరగలేదు. ఆమెకు అవి బండపూలు. వానలు బాగా పడిన ఏడు మాత్రమే పూస్తాయి. మేకలు కాసుకున్న రోజుల్లో, పూసిన ఏడు మందను ఆమె ఈ గుట్ట ఎక్కనిచ్చేది కాదు.

ఈ ఏడు విరగబూశాయి. గుట్ట కింద, ఇక్కడ కట్టబోయే విల్లాల బోర్డు మీదేమో గులాబీల బొమ్మలు.

“లే పెద్దమ్మా, టైమ్ వేస్ట్ అవుతోంది,” అన్నాడు సూపర్‌వైజర్ రమేశ్. గుంటూరు నుంచి ఈమధ్యే వచ్చాడు. “ఆ చెట్లే కదా నీ ప్రాబ్లమ్? క్లబ్‌హౌస్ ముందు కుండీల్లో పెట్టిస్తాం. ప్రామిస్.”

“కుండీలో నిన్ను నువ్వే నాటుకోప్పా, మొలుస్తావేమో! ఇది బండను కరుచుకోని బతికే చెట్టు. మన్ను ఎక్కువైతే సస్తాది.”

పనివాళ్ళు నవ్వారు. ఒకడు ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. రమేశ్ మొహం మాడిపోయింది. డ్రైవర్ పండు వైపు తిరిగి చెయ్యి ఊపాడు.

పండు ఈ సైటుకు రావడం ఇవాళే మొదలు. టోపీ కళ్ళ మీదికి లాక్కుని, స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు.

“అమ్మా, లెయ్,” అన్నాడు మెల్లగా. “ఎండ శానా ఉండాది. పక్కకు పో అమ్మా.”

“నోరు ముయ్యి! పొద్దున్నే సంగటి మింగొచ్చింది ఈ పాడు పనికేనా?”

“నేను కాకుంటే ఇంకొకడు వస్తాడు గదమ్మా.”

“వస్తే రానీ. నువ్వెందుకొచ్చినావో అది చెప్పు!”

పండు టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు.

“అమ్మా అమ్మా అని బతిమాలితే లేచే మనిషేనా?” విసుక్కున్నాడు రమేశ్. “చూడు పెద్దమ్మా, కొడుకులెవరైనా ఉంటే నంబరివ్వు. వచ్చి తీసుకెళ్తారు.”

“నాకు కొడుకుల్లేరు.”

పండు ఇంజిన్ స్టార్ట్ చేశాడు.

గుట్ట అదిరింది. పూల మీది తేనెటీగలు ఒక్కసారిగా లేచాయి. బండి వెనక్కి జరిగి, ఆమెను తప్పించి, పక్కనుంచి పైకెక్కింది. బకెట్ పళ్ళు పగుల్లో దిగాయి. పెళ్ళుమని బండ పెచ్చు లేచింది. దాంతోపాటు ఓ పొద వేళ్ళతో సహా ఊడివచ్చి బోర్లా పడింది. ఆ వేళ్ళకు గుప్పెడు మట్టి కూడా లేదు.

మునివెంకటమ్మ పరుగెత్తి దాన్ని ఎత్తుకుంది. పూలు ఆమె చేతుల్లోంచి జలజలా రాలాయి. ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మంట లేచింది.

“నిన్ను కన్న కడుపు కాలిపోనీరా!” అని అరిచి, చేతికందిన రాయి తీసి విసిరింది.

అద్దం భళ్ళున పగిలింది. పండు నుదురు చిట్లి, రక్తం కంట్లోకి కారింది. ఇంజిన్ ఆగిపోయింది.

కానిస్టేబుల్ వెంకటగిరియప్ప బైకు మీద వచ్చేసరికి రమేశ్ ఊగిపోతున్నాడు.

“ఇది మర్డర్ అటెంప్ట్ సార్! వీడియో కూడా ఉంది. లోపల వెయ్యండి!”

“ఏస్కో!” మునివెంకటమ్మ తగ్గలేదు. “ఆ బండి మళ్ళా కదిలితే మళ్ళా కొడతా. నిన్నూ కొడతా. మీ అబ్బ పుట్టించినాడా ఈ గుట్టను?”

“సుమ్నిరమ్మా, ఊరికే ఉండు!” అని కసిరి, కానిస్టేబుల్ పండు దగ్గరికి వెళ్ళాడు. “దెబ్బ తగిలింది నీకు. కంప్లైంట్ ఇస్తావా?”

పండు బండి చక్రానికి ఆనుకుని, నుదుటికి తువ్వాలు అదుముకుని కూర్చున్నాడు. తల అడ్డంగా ఊపాడు.

“వద్దు సార్.” జేబులోంచి తాళంచెవి తీసి రమేశ్ కాళ్ళ దగ్గర పడేశాడు. “ఈ గుట్ట మీద నేను బండి నడపను.”

“పోరా! రేపు ఇంకొకణ్ణి తెస్తా!”

“తెచ్చుకో,” అంది మునివెంకటమ్మ. “రేపూ ఈడనే ఉంటా. రాళ్ళకేం కరువు లేదు.”

కానిస్టేబుల్‌కు తల తిరిగింది. తల పగిలినవాడు కంప్లైంట్ వద్దంటాడు, పగలగొట్టినామె మళ్ళీ కొడతానంటుంది. కేసు లేకపోయినా ఇద్దరి వివరాలూ చెప్పాల్సిందే అన్నాడు.

“నీ ఇల్లెక్కడమ్మా?”

“పాత యలహంక. రాగుల మిల్లు పక్క వఠారం.”

“నీదెక్కడప్పా?”

పండు తువ్వాలు మడత మార్చి మళ్ళీ నుదుటికి అదుముకున్నాడు. మునివెంకటమ్మ అతనికి వీపు పెట్టి, పొదను గుండెకు హత్తుకుని నిలబడింది.

“నిన్నే! యాడుంటావు?”

“అదే ఇల్లు సార్,” అన్నాడు పండు, “ఆమె మా అమ్మ.”