ఆదివారం కారే ఆయిల్

"మళ్లీ కారింది!"

రాబర్ట్ అరుపుకి వంటింట్లోంచి కృపారాణి పరుగెత్తుకొచ్చింది. ఆటో ఇంజిన్ కింద అతను పరిచి ఉంచిన అట్టముక్క మీద అరచేయంత నల్లటి మరక.

"ఇది వరసగా మూడో ఆదివారం!" పళ్లు నూరాడు రాబర్ట్. "సోమారం నుంచి శనారం దాకా సుక్క కారదు. ఆదివారం తెల్లారీసరికి కారతాది. ఇంజిన్‌కి వారాలు తెలుస్తాయేటి?"

"బోల్టు సరిగ్గా బిగించలేదేమో మావా."

"బిగించినాను. వాచరు మార్చినాను. నిన్న మొత్తం ఆయిలే మార్చీసినాను. తీసిన పాత ఆయిల్ కాలవలో పొయ్యకుండా, ఎప్పట్లాగే డబ్బాకెత్తి, గుమ్మాలకి సెదలు పట్టకుండా పూసుకోమని సర్చికిచ్చినాను. ఇంకేటి సెయ్యాల, ఈ బండికి కాళ్లు పట్టాలా?"

టైము ఆరున్నర. ఏడుంపావుకి గజపతినగరం లక్ష్మీనరసమ్మ కూతురితో సహా ఆమదాలవలస స్టేషన్‌లో దిగుతుంది. ఏడు ఆదివారాలు అరసవల్లి వస్తానని సూర్యనారాయణ స్వామికి మొక్కుకుందామె. ఏడు వారాలూ రాబర్ట్ ఆటోయే అని మాట. మొదటి వారం తీసుకెళ్లాడు. తర్వాత రెండు వారాలూ ఈ మరకే అడ్డొచ్చింది. స్టాండులో త్రినాథ్ ఆ ట్రిప్పు ఎగరేసుకుపోయాడు. "ఈసారి నువ్వు రాకపోతే ఇక త్రినాథే" అని నిన్న ఫోన్లో తేల్చేసింది లక్ష్మీనరసమ్మ.

"పోనీ ఈ ఒక్క పూటా ఎల్లిపోరాదా?" అంది కృపారాణి.

"ఆయిల్ కారే బండి రోడ్డెక్కకూడదని స్టాండులో అందరికీ పాఠాలు సెప్పీవోడిని నాను. దారి మధ్యలో ఇంజిన్ పట్టీసి ఆగిపోయిందంటే? ఆ ముసలమ్మని బుజాన మొయ్యాలా?"

హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, ఆటో కిందికి దూరాడు. డ్రెయిన్ బోల్టు చుట్టూ పాత బనీను గుడ్డతో తుడిచాడు. గుడ్డకి ఏమీ అంటలేదు. సీళ్ల దగ్గర తుడిచాడు. పొడి. పైపులన్నీ తడిమాడు. పొడి. కసికొద్దీ బోల్టుకి స్పానరు వేసి లాగాడు. బోల్టు వెంట్రుకవాసి కదల్లేదు. స్పానరు జారి బొటనవేలు మాత్రం చీరుకుంది.

"నీ ఇంజిన్ తగలెయ్యా!"

అలా తంటాలు పడుతుండగానే ఏడున్నర దాటింది. వీధిలో హారన్ మోగింది. త్రినాథ్ ఆటో. వెనక సీట్లో లక్ష్మీనరసమ్మ, కొబ్బరికాయల సంచీతో ఆమె కూతురు రేఖ.

"ఏటి బావా, ఇంజిన్ డాక్టరుగోరు ఇంకా తొంగునే ఉన్నారేటి?" త్రినాథ్ పకపకా నవ్వాడు.

రాబర్ట్ ఒక్క ఊపున లేచి వెళ్లి అతని కాలరు పట్టుకున్నాడు. "ఒరే! నువ్వేనా? నా బండి కారితే లాభం నీకేగదరా!"

"సొక్కా వదులు, సినిగిపోద్ది. ముందు గేజి తీసి సూడు. నిన్న ఆయిల్ మార్చినానని స్టాండులో ఊదరగొట్టినావు కదా."

రాబర్ట్ విసురుగా ఆయిల్ కొలిచే గేజి పుల్ల లాగాడు. నిన్న పోసిన ఆయిల్ గీత దాకా ఉంది. తేనె రంగులో మెరుస్తోంది. త్రినాథ్ వంగి అట్టముక్క మీది మరకలో వేలు ముంచి అతని ముఖం ముందు పెట్టాడు. నల్లగా, తారులా ఉంది.

"కడుపులో తేనె, కిందన తారు. ఇది నీ ఇంజిన్‌లోది కాదు బావా. ఎవుడో తెచ్చి పోసీసినాడు. పోసింది నానైతే ఈ సంగతి నీకు సెప్తానేటి?"

రాబర్ట్ గేజిని తుడిచి మళ్లీ ఇంజిన్‌లో దూర్చాడు.

"అయితే బండి బాగానే ఉన్నాదన్నమాట! అమ్మా, మీరు నా ఆటో ఎక్కండి..."

"సాల్లే బాబూ, సూరీడు నెత్తికెక్కుతున్నాడు," అంది లక్ష్మీనరసమ్మ. "మిగతా వారాలకి కూడా ఈ అబ్బితోనే మాటయిపోయింది. ఒరే త్రినాథా, బేగి పోనియ్యి."

ఆటో దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది.

రాబర్ట్ కృపారాణి వైపు తిరిగాడు. "నువ్వేనా?"

"నానేటి?"

"ఆదివారం సర్చికి రమ్మని పోరుతున్నావు కదా!"

"ఒట్లెయ్యకూడదు గానీ, నాను కాదు మావా. ఆదివారం ట్రిప్పు కుదిరిందని వీధంతా సెప్పుకున్నది నానే గదా?"

నిజమే. ప్రహరీ అవతల చర్చి గంట మోగింది.

"ట్రిప్పు ఎలాగూ పోయింది. సబ్బెట్టి సేతులు రుద్దుకుని రా. డోలక్ వాయించడానికి నువ్వు తప్ప ఇంకెవురున్నారు?"

విసుక్కుంటూనే స్నానం చేసి బయల్దేరాడు. చర్చి గుమ్మంలో పాస్టరు డేవిడ్‌రాజు అయ్యగారు తెల్లటి పొడుగు చేతుల చొక్కాలో ఎదురొచ్చారు.

"వచ్చావా నాయనా! నువ్వు ట్రిప్పుకెళ్లిన ఆ మొదటి వారం మన పాటలన్నీ చచ్చుబడిపోయాయంటే నమ్ము. డోలక్ లేని ఆరాధన ఉప్పు లేని కూరే. దేవుడు మళ్లీ నిన్ను మా మధ్యకు తెచ్చాడు."

"దేవుడు కాదండి, ఎవుడో దొంగెదవ," అని గొణిగి రాబర్ట్ లోపలికి అడుగేశాడు.

గుమ్మం దగ్గర ఆగిపోయాడు. ద్వారబంధం మీద చెదలు మట్టిదారులు వేసుకుంటూ పైదాకా పాకిపోయి ఉన్నాయి. ఎక్కడా ఆయిల్ పూసిన జాడే లేదు.

వెళ్లి డోలక్ ముందు కూర్చున్నాడు. అయ్యగారు రెండు చేతులూ పైకెత్తారు.

"కళ్లు మూసుకుందాం. ప్రభువా, మేము తెలిసి చేసిన తప్పుల్ని క్షమించు..."

అందరూ కళ్లు మూసుకున్నారు. రాబర్ట్ ఒక్కడే మూసుకోలేదు.

పైకెత్తిన అయ్యగారి కుడిచేతి చొక్కా అంచున, ఇంకా తడి ఆరని నల్లటి మరక!