చివరి కిలోమీటరున్నర

లైన్‌మన్ టెస్టర్‌ని ఆమె వైపు తిప్పాడు. "మీ లైనుకి నెట్ స్పీడు ఇంతే వస్తుందక్కా. రూటరు మార్చినా ఇంతే."

ఆమె సిమెంటుకట్టు వేసిన కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చుంది. "పై వీధిలో బ్రహ్మాండంగా వస్తోందటగా?"

"వాళ్లది ఫైబరు. గాజు తీగలో వెలుగు పోతుంది, ఈమాత్రం దూరానికి తగ్గదు. మీది పాత రాగి తీగ. మలుపులో ఉన్న టెలిఫోన్ పెట్టె నుంచి ఇక్కడికి కిలోమీటరున్నర. వచ్చేసరికి సిగ్నల్ నీరసపడిపోతుంది."

"మరి ఫైబరే వెయ్యి."

"రోడ్డు తవ్వడానికి పర్మిషన్ రావాలి. మూడు నెలలు పట్టొచ్చు."

"మా చెల్లికి ఆపరేషన్ రేపు పొద్దున."

ఒళ్లో ఉన్న ట్యాబ్‌లో ఆసుపత్రి మంచం మీది చెల్లెలి బొమ్మ కదలడం లేదు. సెల్‌ఫోన్‌కైతే ఈ ఇంట్లో సిగ్నలే లేదు.

అతనికి జాలేసింది. వంగి, ట్యాబ్‌లో వీడియో ఆపేశాడు. "మాటకి ఈ తీగ చాలక్కా. ఇక చూడండి, ఖంగున వినిపిస్తుంది."

నిజమే. వార్డులో తోపుడుబండి చక్రాల కిర్రు కూడా వినిపించింది.

ఆమె నల్లబడిన తెరనే చూస్తోంది.

"మాట్లాడండక్కా, మొహమాటమెందుకు. నేను బయట ఉంటాను."

"మా చెల్లికి పుట్టుచెవుడు, బాబూ. చదవడం, రాయడం రాదు. మేం చేతులతో మాట్లాడుకుంటాం."

అతను గబగబా వీడియో మళ్లీ పెట్టాడు. తెరమీద చెల్లెలి కుడిచెయ్యి గుండెదాకా లేచి, అక్కడే ఆగిపోయింది.

పక్కనున్న నర్సు గొంతు మాత్రం స్పష్టంగా వచ్చింది.

"ఇందాకట్నుంచీ ఏదో అడుగుతోందమ్మా. మాకు తెలియట్లేదు. అదేంటో మీరైనా చెప్పండి."