ఇద్దరు తొక్కే పడవ

"ఆఫీసు శిక్షణ ఉందత్తయ్యా, రాత్రికి వచ్చేస్తా" అని చెప్పి, పోస్టాఫీసులో గుమస్తాగా పనిచేసే ఆ ఇంటి కోడలు మొదటి బస్సుకే రాజధానికి వెళ్ళింది. శిక్షణా లేదు, గిక్షణా లేదు. పెళ్ళయిన పదకొండేళ్ళకి ఒక్కరోజు ఒంటరిగా తిరగాలనిపించింది, అంతే.

మ్యూజియంలో ఒక్క బొమ్మ ముందే అరగంట నిలబడింది. పద పదమని తొందరపెట్టేవాళ్ళు లేరు. మధ్యాహ్నం ఆట సినిమాలో పక్కవాళ్ళు తిరిగి చూసేంతగా నవ్వింది. అత్తయ్యతో అబద్ధమాడానన్న బాధ మాత్రం మధ్యమధ్య గుచ్చుతూనే ఉంది.

సాయంత్రం చెరువు దగ్గర పడవల అతను టికెట్టు ఇవ్వలేదు.

"తొక్కే పడవమ్మా, ఇద్దరుండాలి. ఆ బెంచీ మీద పెద్దావిడ కూడా జత కోసమే చూస్తున్నారు. నెలనెలా వస్తారు, అడగండి."

బెంచీ మీద చెప్పులు విప్పి, కాళ్ళు చాపుకుని, ఐస్‌క్రీం తింటున్నది అత్తయ్య.



"కళ్ళ డాక్టరు దగ్గరికని అబ్బాయికి చెప్పి వచ్చా" అంది అత్తయ్య.

"నెలనెలా వెళ్ళేది ఇక్కడికేనా?"

ఆవిడ మూతి తుడుచుకుని, చెప్పులు వేసుకుని లేచింది.

"ఎడమవైపు నువ్వు కూర్చోవే. అటు పెడలు గట్టిగా ఉంటుంది, నా మోకాళ్ళు ఒప్పుకోవు."